గరిక, నైలాను: ఫుట్‌బాల్ మైదానముల కథ

ఫుట్‌బాల్ ఆటకు కావలసిన పరికరములు చాల తక్కువ. ఒక బంతి, రెండు గోలు చట్రములు, ఇరువదిరెండుమంది ఆటగాండ్రు ఉన్నచో ఆట మొదలుపెట్టవచ్చును. ఇవి గాక మనము సామాన్యముగా లెక్కలోనికి తీసుకొనని పరికరము మరొకటి కలదు. అది నేల. క్రిందపడిన బంతి ఎంత ఎత్తునకు ఎగురునో, ఎంత దూరము దొర్లునో, పరుగెత్తు ఆటగాని మోకాటిపై ఎంత తాకిడి పడునో నిర్ణయించునది నేలయే. పెద్ద పోటీలకు వాడు మైదానము 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉండును. అనగా సుమారు ఒకటి ముప్పాతిక ఎకరము. ఈ నేలను పచ్చికతో కప్పవలెనా, పచ్చికను పోలిన ప్లాస్టిక్ తివాచీతో కప్పవచ్చునా అను వివాదము ఆరు దశాబ్దములుగా సాగుచున్నది.

ఇది కేవలము ఆటగాండ్ర అభిరుచికి సంబంధించిన తగవని తలపరాదు. వృక్షశాస్త్రము, రసాయనశాస్త్రము, భౌతికశాస్త్రము, వైద్యశాస్త్రము ఇందులో పాలుపంచుకొనినవి. ఎవరు ఏ నేలపై ఆడవలెనను న్యాయవిచారణకూడ ఇందులో చేరినది. చిత్రమేమనగా ఈ చరిత్ర అంతయు ఒక గడ్డిమొక్కకు వెలుతురు చాలకపోవుటతో మొదలైనది.

పచ్చిక ప్రత్యేకత

అనేక మొక్కలకు పెరుగుదల కొమ్మల కొనలయందు జరుగును. కొనను త్రుంచినచో ఆ కొమ్మ ఎదుగుదల ఆగిపోవును. గడ్డిజాతి మొక్కల తీరు వేరు. ఆకును పెంచు కణజాలము ఆకు మొదట, నేలకు ఆనుకొని యుండును. పశువు మేసినను, కోతయంత్రము కోసినను, ఆటగాని బూటు త్రొక్కినను పోవునది పైభాగము మాత్రమే. కొలది దినములలో ఆకు మరల లేచును. నేల లోపల సన్నని వేళ్ళు ఇసుకరేణువులను వలవలె పట్టియుంచును. బూటు అడుగున ఉన్న మేకులు దిగబడినపుడు ఈ వేళ్ళు కొంతవరకు ఎదిరించి నిలుచును. బలము మితిమీరినచో తెగి, పచ్చిక పెళ్ళగా లేచిపోవును. తోటమాలికి ఇది నష్టమే. ఆటగానికి మాత్రము లాభము. నేల లొంగనిచో ఆ బలమంతయు అతని చీలమండకును మోకాటికిని చేరును.

ఉష్ణదేశములలో మైదానములకు విరివిగా వాడు గడ్డిని ఆంగ్లమున బెర్ముడా గడ్డి అందురు. దాని శాస్త్రీయ నామము సైనొడాన్ డాక్టిలాన్. పేరు క్రొత్తగా తోచినను మొక్క మనకు క్రొత్తది కాదు. వినాయకచవితినాడు పూజకు తెచ్చు గరికయే అది. నేలపై ప్రాకు కాండములతోను, నేల లోపలి కాండములతోను అల్లుకొనిపోవుట, ఎండకు ఓర్చుట, త్రొక్కుడుకు తాళుట దాని గుణములు. పొలములో రైతును విసిగించు ఈ గుణములే మైదానములో వరములైనవి. అయితే గరికకు ఒక బలహీనత కలదు. అది నీడను ఓర్వలేదు. దట్టముగా కమ్ముకొనిన మామిడితోపు క్రింద గరిక పట్టు కానరాదు. ఈ బలహీనత ఒక మహాభవనమునందు బయటపడుటవలన కృత్రిమపు పచ్చిక లోకప్రసిద్ధమైనది.

హూస్టన్ గుమ్మటము

1965 ఏప్రిల్ మాసములో అమెరికాయందలి టెక్సాస్ రాష్ట్రమున, హూస్టన్ నగరములో ఆస్ట్రోడోమ్ అను క్రీడాగృహము తెరువబడినది. మైదానమంతటిని గుమ్మటముతో కప్పి, లోపల గాలిని చల్లబరచు యంత్రములు అమర్చిన భారీ కట్టడమది. లోపల నిజమైన పచ్చికనే పెంచదలచి, గుమ్మటమునకు నాలుగువేల ఐదువందలకు పైగా పారదర్శకమైన ఆక్రిలిక్ పలకలు బిగించిరి. నేలపై నాటినది టిఫ్‌వే 419 అను సంకరజాతి గరిక. జార్జియా రాష్ట్రములో టిఫ్టన్ అనుచోట గ్లెన్ బర్టన్ అను శాస్త్రవేత్త కృషి ఫలితముగా అది 1960లో విడుదలైనది.

అక్కడ ఆడునది బేస్‌బాల్ ఆట. పగటిపూట ఆటగాడు పైకి లేచిన బంతికొరకు తల ఎత్తినపుడు పలకల మెరుపునకు కండ్లు మిరుమిట్లు గొలిపి బంతి కనబడకపోయెను. అందుచే పలకలకు రంగు పూసిరి. ఆటగాండ్ర కండ్లకు ఉపశమనము కలిగినది గాని గరికకు అన్నము కరవైనది. కిరణజన్య సంయోగక్రియకు చాలినంత వెలుతురు లేక అది చచ్చిపోయినది. ఆ సంవత్సరపు తక్కిన ఆటలను ఎండుగడ్డిపైనను, ఆకుపచ్చరంగు చల్లిన మట్టిపైనను ఆడవలసి వచ్చెను.

ఈ చిక్కునకు పరిష్కారము రసాయన పరిశ్రమనుండి వచ్చినది. మోన్‌శాంటో కంపెనీకి చెందిన పరిశోధకులు అప్పటికే నైలాను పోగులతో పచ్చికవంటి తివాచీని తయారుచేసియుండిరి. 1964లో రోడ్ ఐలండ్ రాష్ట్రమందలి మోజెస్ బ్రౌన్ పాఠశాలలో దానిని పరిచిరి. ఆట స్థలములు కరవైన నగరపు పిల్లలకు ఏడాది పొడవున వాడుకొనదగిన నేల కావలెనన్నది దాని ఉద్దేశములలో ఒకటి. మొదట దానిని కెమ్‌గ్రాస్ అనిరి. 1966లో ఆస్ట్రోడోమ్‌లో పరచిన పిదప ఆస్ట్రోటర్ఫ్ అను పేరు స్థిరపడినది. ఫారియా, రైట్ అను ఇరువురు పరిశోధకుల పేర 1967లో దానికి పేటెంటు లభించినది.

నైలాను పచ్చికతో పోటీపడి గెలిచి ఆస్ట్రోడోమ్‌లో ప్రవేశించలేదు. పచ్చిక చచ్చిన తరువాత ఆ ఖాళీలోనికి వచ్చినది. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. ఆ పిమ్మట అమెరికాలో వెలుతురు పుష్కలముగా ఉన్న బయలు మైదానములలోకూడ దానిని పరిచిరి. నీరు పోయనక్కరలేదు, కోయనక్కరలేదు, ప్రతిదినము ఆడవచ్చును అను సౌకర్యములే కారణము.

హాకీ ఆట ఈ మార్పును త్వరగా అంగీకరించెను. 1976 మాంట్రియల్ ఒలింపిక్ క్రీడలలో హాకీ పోటీలు మొదటిసారిగా కృత్రిమ మైదానముపై జరిగినవి. పచ్చికపై బంతిని ఒడుపుగా నడిపించుటలో పేరొందిన భారతజట్టు ఆ పోటీలలో ఏడవస్థానముతో తృప్తిపడవలసి వచ్చెను. హాకీబంతి చిన్నది, గట్టిది, నేలబారుగా పోవునది. నున్నని చదునైన నేల దానికి అనుకూలము. ఫుట్‌బాల్ అట్టిది కాదు. అందు బంతి గాలిలోనికి లేచి పడును, ఆటగాడు ప్రక్కకు జారి బంతిని తన్నును, శరీరము పలుమారులు నేలను తాకును. కావున నేల గుణము ఆ ఆటలో మరింత బయటపడును.

ఇంగ్లండులో తొలి అనుభవము

ఇంగ్లండు శీతకాలములో పగలు చిన్నది, వానలు ఎక్కువ. ఫుట్‌బాల్ ఆడునదికూడ ఆ కాలముననే. జనవరి వచ్చుసరికి అనేక మైదానముల నడిమిభాగము బురదమడిగా మారుచుండెను. 1981లో లండను నగరపు క్వీన్స్ పార్క్ రేంజర్స్ జట్టు లాఫ్టస్ రోడ్డు మైదానములో కృత్రిమ తివాచీని పరచెను. ఇంగ్లండులో వృత్తి ఫుట్‌బాల్ జట్టు ఇట్లు చేయుట అదియే మొదలు. 1985లో లూటన్, 1986లో ఓల్డమ్, ప్రెస్టన్ జట్లు అదే మార్గమును అనుసరించినవి.

ఈ తివాచీలలో పోగుల నడుమ ఇసుక నింపుట వాడుక. ఇసుక కదలకుండ బిగిసినచో నేల గట్టిపడును. దీని ఫలితమును ఒక చిన్న ప్రయోగముతో గ్రహించవచ్చును. పరీక్షకు వాడు ఫుట్‌బాలును రెండు మీటర్ల ఎత్తునుండి కాంక్రీటుపై వదలినచో సుమారు 1.35 మీటర్ల ఎత్తునకు ఎగురును. మంచి పచ్చికపై అంతలో సగము, లేక కొంచెము ఎక్కువ మాత్రమే ఎగురును. పచ్చిక, దాని క్రింది మట్టి అణగి బంతి శక్తిలో పెద్దభాగమును మ్రింగివేయుటయే దీనికి కారణము. ఆనాటి తివాచీలు ఈ విషయములో పచ్చికకంటె కాంక్రీటుకు దగ్గరగా ఉండెను. గోలురక్షకుని ముందు పడిన బంతి అతని తలపైనుండి దాటిపోవుచుండెను.

రెండవ లోపము చర్మమునకు సంబంధించినది. పచ్చిక ఆకులో అధికభాగము నీరే. దానిపై జారినపుడు ఆకులు నలిగి, ఆ తడి నూనెవలె పనిచేసి ఘర్షణను తగ్గించును. ప్లాస్టిక్ పోగులో తడి లేదు. ఘర్షణవలన పుట్టిన వేడికి మోకాళ్ళ మీద, తొడల మీద చర్మము ఊడి కాలినట్టి పుండ్లు పడుచుండెను. మూడవది న్యాయమునకు సంబంధించినది. ప్రతిదినము తివాచీపై సాధన చేయు స్థానిక జట్టునకు అలవాటైన నేల, పొరుగూరినుండి వచ్చిన జట్టునకు అపరిచితము. గెలుపు ఆటగాండ్ర నేర్పువలన వచ్చినదో, నేలవలన వచ్చినదో తేల్చుట కష్టమైనది. విమర్శ పెరిగినది. 1988లో లాఫ్టస్ రోడ్డులోను, 1991లో లూటన్, ఓల్డమ్‌లలోను మరల పచ్చిక వేసిరి. 1994లో ప్రెస్టన్ జట్టు తన తివాచీని తొలగించుటతో ఆ అధ్యాయము ముగిసినది.

మూడవ తరము

తొలి నైలాను తివాచీలను మొదటి తరమనియు, ఇసుక నింపిన వానిని రెండవ తరమనియు వ్యవహరింతురు. 1990 తరువాత ప్రచారములోనికి వచ్చినది మూడవ తరము. ఇందు నైలానుకు బదులు మెత్తని పాలిథిలీన్ పోగులు వాడుదురు. వాని పొడవు నాలుగు మొదలు ఆరు సెంటీమీటర్ల వరకు ఉండును. పోగులు నిటారుగా నిలుచుటకు అడుగున ఇసుక, పైన రబ్బరు పలుకులు నింపుదురు. ఈ పలుకులలో అధికభాగము అరిగిపోయిన మోటారుబండ్ల టైర్లను తురిమి చేసినవే. ఒక పూర్తి మైదానమునకు సుమారు వంద టన్నుల రబ్బరు పట్టును. బూటు మేకు రబ్బరులో దిగి, మట్టిలో దిగినట్లే తోచును. తాకిడిని రబ్బరు కొంత మ్రింగును.

2001లో అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్యయైన ఫిఫా ఇట్టి మైదానములకు ప్రమాణములు ఏర్పరచినది. ఉన్నతశ్రేణికి చెందిన మైదానముపై రెండు మీటర్ల ఎత్తునుండి వదలిన బంతి 60 మొదలు 85 సెంటీమీటర్ల వరకే ఎగురవలెను. ఒక మీటరు ఎత్తుగల వాలుపలకనుండి దొర్లిన బంతి నాలుగు మొదలు ఎనిమిది మీటర్లలోపుగా ఆగవలెను. ఈ అంకెలు ఎక్కడివి? బాగుగా పెంచిన పచ్చికపై బంతి నడకయే వీనికి ఆధారము. అనగా ప్లాస్టిక్‌కు పరీక్షాపత్రమును తయారుచేసినది పచ్చికయే. 2004లో ఆట నిబంధనలలోకూడ కృత్రిమ మైదానములకు చోటు లభించినది. 2007 అక్టోబరులో మాస్కో నగరపు లుజ్నికి మైదానమున రష్యా జట్టు ఇంగ్లండును 2-1 గోలులతో ఓడించినది కృత్రిమ తివాచీపైననే. అయితే మరుసటి మే నెలలో యూరప్ క్లబ్బుల అంతిమపోటీ అక్కడనే జరుగవలసి వచ్చినపుడు, దానికొరకు నిజమైన పచ్చికను తెచ్చి పరచిరి.

ఎండ, గాయము, ధూళి

బంతి నడకలో పచ్చికకు సమీపించిన ప్లాస్టిక్, వేడి విషయములో వెనుకబడినది. పచ్చిక తన ఆకులనుండి నీటిని ఆవిరిగా విడుచును. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 కెలోరీల ఉష్ణము కావలెను. ఆ ఉష్ణమును అది ఎండనుండియే గ్రహించును గనుక పచ్చిక వేడెక్కదు. మట్టికుండలో నీరు చల్లబడుటకు కారణమైన సూత్రమే ఇది. ప్లాస్టిక్ పోగులకు, నల్లని రబ్బరునకు ఈ సౌకర్యము లేదు. 2002లో యూటా రాష్ట్రమందలి బ్రిగ్హమ్ యంగ్ విశ్వవిద్యాలయములో కొలతలు తీసిరి. గాలి ఉష్ణోగ్రత సుమారు 37 సెంటీగ్రేడు డిగ్రీలున్న దినమున తివాచీ ఉపరితలము 93 డిగ్రీల వరకు వేడెక్కినట్లు తేలినది. నీరు చల్లగా 79 డిగ్రీలనుండి 29 డిగ్రీలకు దిగినది గాని, ఐదు నిమిషములలో మరల 49 డిగ్రీలకు చేరినది.

గాయముల విషయములో తీర్పు అంత సులభము కాదు. యూరప్‌లోని పది ఉన్నతశ్రేణి జట్లను పరిశీలించి స్వీడన్ పరిశోధకులు 2006లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, మొత్తముమీద గాయముల సంఖ్యలో రెండు నేలలకు పెద్ద తేడా లేదు. చీలమండ బెణుకులు మాత్రము కృత్రిమ నేలపై ఎక్కువ. అమెరికా దేశపు తమ తరహా ఫుట్‌బాల్ లీగులో 2012 మొదలు 2016 వరకు జరిగిన ఆటలను లెక్కించి 2019లో వెలువరించిన పరిశోధనలో, కృత్రిమ నేలపై కాళ్ళ గాయములు 16 శాతము ఎక్కువగా కనబడినవి. ఆ ఆట వేరు, ఆటగాండ్ర బరువు వేరు. కావున ఆ అంకెను మన ఫుట్‌బాలుకు యథాతథముగా అన్వయించరాదు.

రబ్బరు పలుకులు ఆరోగ్యమునకు హానికరములా అను భయముకూడ వ్యాపించినది. యూరప్ రసాయనిక సంస్థ 2017లో పరిశీలించి, వానివలన ఆటగాండ్రకు గల ప్రమాదము మిక్కిలి స్వల్పమని తేల్చినది. కాని మరొక దోషము బయటపడినది. బూట్లకు, మేజోళ్ళకు అంటుకొని, వాననీటిలో కొట్టుకొనిపోయి ఈ పలుకులు నేలలోను నదులలోను చేరుచున్నవి. యూరప్ సమాఖ్య దేశములలో ఇట్లు చేరునది ఏటా 16,000 టన్నులని ఆ సంస్థ అంచనా వేసినది. 2023లో యూరప్ సమాఖ్య ఇట్టి పలుకుల అమ్మకమును నిషేధించుచు, మైదానముల యజమానులకు 2031 వరకు గడువిచ్చినది. పాత టైర్లను వదిలించుకొను మంచి ఉపాయమని మెచ్చుకొనినదే క్రొత్త సమస్యగా పరిణమించినది.

ఎవరికి ఏ నేల?

2015లో కెనడాలో జరిగిన మహిళల ప్రపంచకప్పు పోటీలు ఆరు నగరములలోను కృత్రిమ మైదానములపైననే జరిగినవి. పురుషుల ప్రపంచకప్పు ఏనాడును అట్లు జరుగలేదు. అమెరికాకు చెందిన అబీ వాంబాక్, బ్రెజిల్‌కు చెందిన మార్తా, జర్మనీకి చెందిన నడీన్ అంగెరర్ మున్నగు క్రీడాకారిణులు ఇది వివక్షయని 2014 అక్టోబరులో ఒంటారియో మానవహక్కుల న్యాయస్థానమున ఫిర్యాదు చేసిరి. కాలయాపనవలన పోటీలకు ముందు విచారణ జరుగు ఆశ లేక, 2015 జనవరిలో దానిని ఉపసంహరించుకొనిరి. వారు తివాచీపైననే ఆడిరి. వారి వాదము మాత్రము వృథా కాలేదు. 2019లో ఫ్రాన్సునందును, 2023లో ఆస్ట్రేలియా, న్యూజిలాండులయందును జరిగిన మహిళల ప్రపంచకప్పు పోటీలకు పచ్చిక మైదానములే సిద్ధపరచిరి.

వెలుతురును తెచ్చియిచ్చుట

ప్లాస్టిక్‌ను పచ్చికవలె తీర్చుటకు ఒక ప్రక్క కృషి జరుగుచుండగా, పచ్చికనే చీకటి భవనములలో బ్రతికించుటకు మరొక ప్రక్క ప్రయత్నము సాగినది. దీనిని తెలిసికొనుటకు 1994 ప్రపంచకప్పు పోటీలకు పోవలెను. మిషిగన్ రాష్ట్రమందలి పాంటియాక్ నగరములో సిల్వర్‌డోమ్ అను కప్పుగల క్రీడాగృహము ఆ పోటీలకు ఎంపికైనది. దాని నేల కృత్రిమము. ఫిఫా కోరినది పచ్చిక. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు జాన్ రోజర్స్ నాయకత్వమున ఈ పనికి పూనుకొనిరి. మొదట అదే రకపు కప్పుతో ఒక చిన్న గుమ్మటమును కట్టి, ఆ కొద్ది వెలుతురులో ఏ గడ్డి ఎన్నాళ్ళు నిలుచునో పరీక్షించిరి. ఎన్నుకొనిన గడ్డిని షట్కోణాకారపు పెద్ద తొట్లలో, ఆరుబయట ఎండలో ఉంచిరి. పిదప సుమారు రెండువేల తొట్లను లోపలికి చేర్చి, తేనెపట్టు గదులవలె ఒకదానికొకటి అమర్చి మైదానమును సిద్ధపరచిరి. 1994 జూన్ 18న అమెరికా, స్విట్జర్లాండు జట్లు ఆ పచ్చికపై తలపడినవి. ప్రపంచకప్పు చరిత్రలో కప్పు క్రింద జరిగిన తొలి ఆట అది. ఆస్ట్రోడోమ్‌లో గరిక చచ్చిన ఇరువదితొమ్మిది సంవత్సరములకు పచ్చిక మరల కప్పు క్రిందికి వచ్చినది.

తరువాత మరి రెండు ఉపాయములు తోడైనవి. గాజుగృహములలో పూలమొక్కలను పెంచుటకు వాడు శక్తివంతమైన దీపములను చక్రములపై అమర్చి, ఎత్తైన ప్రేక్షకుల గాలరీల నీడ పడు చోటులపై దినమంతయు వెలిగించుట ఒకటి. పచ్చిక నడుమ రెండేసి సెంటీమీటర్ల దూరములో, సుమారు ఇరువది సెంటీమీటర్ల ప్లాస్టిక్ పోగులను యంత్రముతో నేలలోనికి గ్రుచ్చుట రెండవది. ఈ మిశ్రమ మైదానములో ప్లాస్టిక్ పాలు నూటికి మూడు, నాలుగు వంతులు మాత్రమే. వేళ్ళు ఆ పోగులను చుట్టుకొని గట్టిపడును. ఆటగాడు త్రొక్కునది మాత్రము పచ్చికనే. ఇచ్చట ప్లాస్టిక్ పచ్చిక స్థానమును ఆక్రమింపక దానికి ఊతకర్రగా నిలిచినది.

అమెరికా, కెనడా, మెక్సికో దేశములు ఆతిథ్యమిచ్చిన 2026 ప్రపంచకప్పునకు ఎంపికైన పదునారు మైదానములలో సగము మామూలుగా కృత్రిమ తివాచీ గలవే. వానియందుకూడ పచ్చిక వేయవలెనను నియమముండుటచే మిషిగన్ స్టేట్, టెనెస్సీ విశ్వవిద్యాలయముల శాస్త్రవేత్తలు కొన్ని సంవత్సరములు పరిశోధనలు చేసిరి. టెనెస్సీ బృందమునకు నాయకుడైన జాన్ సోరోచన్ 1994లో రోజర్స్‌వద్ద విద్యార్థిగా పనిచేసినవాడే.

ముగింపు

ఇంతమాత్రమున కృత్రిమ మైదానము పనికిమాలినదని నిర్ణయింపరాదు. నార్వే దేశమున ఆర్కిటిక్ వృత్తమునకు ఉత్తరమున ఉన్న బోడో నగరములో శీతకాలమున సూర్యుడు కనబడుటయే అరుదు. అక్కడి బోడో గ్లింట్ జట్టు కృత్రిమ మైదానముపైననే ఎదిగి 2025లో యూరప్ లీగు పోటీలలో సెమీఫైనలు చేరినది. దీనికి భిన్నముగా నెదర్లాండ్సు దేశము తన అగ్రశ్రేణి లీగులో 2025-26 నుండి కృత్రిమ మైదానములను నిషేధించినది. కలకత్తాలోని సాల్ట్ లేక్ మైదానములో వేసిన తివాచీని, 2017లో జరిగిన పదునేడేండ్లలోపు బాలుర ప్రపంచకప్పునకు ముందు తొలగించి, గరికజాతి పచ్చికను పెంచిరి. ఎండ పుష్కలముగా గల మన దేశములో ఇది సహజమే.

హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము వంటి నగరములలో వలలు కట్టి, గంటల లెక్కన అద్దెకిచ్చు చిన్న కృత్రిమ మైదానములు ఇటీవల విరివిగా వెలసినవి. జనులు వానిని టర్ఫు అనియే పిలుచుచున్నారు. జాగా చాలని పట్టణములో, పని ముగించుకొని రాత్రి దీపముల వెలుగున ఆడుకొనువారికి ఇవి మేలు చేయుచున్నవి. ఒక చిన్న చోటున ప్రతిదినము పది జట్లు ఆడినచో ఏ గరికయు తాళలేదు. అట్టిచోట తివాచీ సమంజసమే. కాని వైశాఖమాసపు మధ్యాహ్నము అదే నేలపై పిల్లలను పరుగెత్తించుట ప్రమాదకరము. ఎనిమిది, పది సంవత్సరములకు తివాచీ అరిగిపోయినపుడు దానిని ఎక్కడ పారవేయవలెనను ప్రశ్నయు మిగిలియుండును.

కావున క్రొత్త మైదానమును తలపెట్టు పాఠశాలగాని, పురపాలక సంఘముగాని ముందుగా మూడు లెక్కలు వేసికొనవలెను. ఆ చోట దినమునకు ఎన్ని గంటల ఎండ పడును? వారమునకు ఎన్ని గంటలు ఆడుదురు? పచ్చికకు పోయుటకు నీరు, కనిపెట్టి చూచుటకు మనిషి కలరా? ఎండ, నీరు, తోటమాలి ఉన్నచోట గరికను మించిన నేల లేదు. అవి లేనిచోట ప్లాస్టిక్ పరుపవచ్చును. అప్పుడుకూడ మధ్యాహ్నపు వేళలలో ఆట మానిపించి, రబ్బరు పలుకులు కాలువలో పడకుండ మైదానము చుట్టును గట్టు కట్టుట యజమాని బాధ్యత.